లాటెక్

లాటెక్ అనేది పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు, ప్రశ్నపత్రాలు మొదలైన వాటిని అచ్చుకు సిద్ధం చేయడానికి ఉపయోగించే ఒక అక్షరకూర్పు వ్యవస్థ. దీనిని అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1980వ దశకం తొలి సంవత్సరాలలో తయారు చేసాడు. ఇది డొనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ అనే ప్రోగ్రాము మీద ఆధారపడి పనిచేస్తుంది. టెక్, లాటెక్ రెండూ ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్టువేర్లు.

వర్డ్ ప్రాసెసరులో రచయిత తెర మీద పేజీ రూపాన్ని చూస్తూ టైపు చేస్తాడు. లాటెక్‌లో అలా కాదు. రచయిత తన రచనను సాదా పాఠ్యంగా వ్రాసి, ఏది అధ్యాయ శీర్షిక, ఏది పట్టిక, ఏది పాదసూచిక అన్నది మాత్రమే గుర్తులతో తెలియజేస్తాడు. పేజీ రూపం, పంక్తుల విరుపు, సంఖ్యలు వేయడం, విషయసూచిక తయారీ వంటి పనులను ప్రోగ్రాము చూసుకుంటుంది.

నేర్చుకోవడానికి కొంత శ్రమ అవసరమైనప్పటికీ, గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటరు శాస్త్రం వంటి రంగాలలో దీని వాడుక ఎక్కువ. పెద్ద పత్రాలు తయారు చేసేటప్పుడు వర్డ్ ప్రాసెసర్లతో విసిగిపోయినవారు చాలామంది దీనివైపు మొగ్గు చూపుతారు. ఆ విసుగు దేని వల్ల కలుగుతుంది, లాటెక్ దానిని ఎంతవరకు తీరుస్తుంది అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినాయి.

పేరు, ఉచ్చారణ

టెక్ అన్న పేరు "కళ", "నైపుణ్యం" అనే రెండు అర్థాలూ ఉన్న గ్రీకు పదమూలం నుండి వచ్చింది. పేరులోని మూడు అక్షరాలు గ్రీకు లిపికి చెందిన టౌ, ఎప్సిలాన్, ఖై. అందువల్ల చివరి అక్షరాన్ని ఆంగ్లంలోని "ఎక్స్" వలె పలుకరాదని క్నూత్ సూచించాడు. గొంతు నుండి ఒరసుకుంటూ వచ్చే ఆ గ్రీకు ధ్వనికి సరిసమానమైన అక్షరం తెలుగులో లేదు. వాడుకలో "టెక్" అనే అంటారు. లాటెక్ పేరును "లాటెక్" అనీ, "లేటెక్" అనీ రెండు విధాలుగానూ పలుకుతారు.

వర్డ్ ప్రాసెసర్ల నేపథ్యం

కంప్యూటరు తెర మీద కనిపించినది కనిపించినట్లుగా అచ్చులో రావాలన్న భావన 1970వ దశకంలో రూపుదిద్దుకున్నది. 1974లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ తదితరులు బ్రావో అనే ప్రోగ్రామును తయారు చేసారు. ఆ తరువాత సిమోనీ మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరాడు. ఆ సంస్థ 1983లో వర్డ్ అనే వర్డ్ ప్రాసెసరును విడుదల చేసింది.

అంతకు ముందే 1978లో వర్డ్‌స్టార్ వచ్చింది. 1980వ దశకంలో వర్డ్‌పర్ఫెక్ట్ కూడా విశేషంగా వాడబడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 1990వ దశకంలో కంప్యూటరు శిక్షణా కేంద్రాలకు వెళ్ళిన విద్యార్థులకు డాస్, లోటస్, డీబేస్ లతో పాటు వర్డ్‌స్టార్ కూడా నేర్పేవారు. విండోస్ వ్యాప్తి చెందిన తరువాత ఇవన్నీ వెనుకబడి, మైక్రోసాఫ్ట్ వర్డ్ కార్యాలయాలలోనూ ఇళ్ళలోనూ స్థిరపడింది.

ఉత్తరాలు, దరఖాస్తులు, నోటీసులు, నాలుగైదు పేజీల నివేదికలు వంటి వాటికి వర్డ్ ప్రాసెసరు ఎంతో సౌకర్యంగా ఉంటుంది. ఎవరైనా అరగంటలో దాని వాడకం మొదలుపెట్టవచ్చు. పత్రం పొడవు పెరిగి, అందులో బొమ్మలు, పట్టికలు, సమీకరణాలు, అడ్డసూచనలు చేరే కొద్దీ చిక్కులు మొదలవుతాయి.

వర్డ్ ప్రాసెసర్లతో ఎదురయ్యే ఇబ్బందులు

వర్డ్ ప్రాసెసర్ల వాడుకరులు సాధారణంగా చెప్పే ఇబ్బందులు ఇవి:

* కనిపించని ఆకృతి: పేరాకు సంబంధించిన ఆకృతి వివరాలు కంటికి కనిపించని గుర్తులలో దాగి ఉంటాయి. ఉదాహరణకు వర్డ్‌లో పేరా చివర ఉండే గుర్తులో ఆ పేరా ఆకృతి నిలువ ఉంటుంది. పొరపాటున ఆ గుర్తు చెరిగిపోతే రెండు పేరాలు కలిసిపోవడమే కాక, ఒకదాని రూపం మరొకదానికి వస్తుంది. కారణం తెలియని వాడుకరికి అది అకారణంగా జరిగినట్లు తోస్తుంది.

* బొమ్మల కదలిక: ఒక పేజీలో రెండు పంక్తులు చేర్చగానే మరెక్కడో ఉన్న బొమ్మ తరువాతి పేజీకి జారిపోయి, ఉన్నచోట పెద్ద ఖాళీ మిగులుతుంది. బొమ్మను చేతితో సర్దితే ఆ మార్పు మరికొన్ని పేజీలను కదిలిస్తుంది.

* వరుస సంఖ్యలు: అంశాల జాబితాలో సంఖ్యలు ఉన్నట్టుండి మళ్ళీ 1 నుండి మొదలు కావచ్చు. పాత జాబితా సంఖ్య కొత్త జాబితాలో కొనసాగవచ్చు. అధ్యాయాల సంఖ్యలను చేతితో వేసిన పత్రంలో ఒక అధ్యాయాన్ని ముందుకు జరిపితే, దానిని ప్రస్తావించిన ప్రతిచోటా దిద్దుకోవాలి.

* స్వయం సవరణ: వాడుకరి టైపు చేసినదానిని ప్రోగ్రాము తనంతట తానే మారుస్తుంది. చిన్న అక్షరాన్ని పెద్ద అక్షరం చేయడం, గీతను జాబితాగా మార్చడం, ఇంగ్లీషు నిఘంటువులో లేని మాటను వేరే మాటగా దిద్దడం ఇందుకు ఉదాహరణలు. వీటిని ఆపివేసే వీలున్నా, ఎక్కడ ఆపాలో వెదకడం ఒక పని.

* యంత్రాన్ని బట్టి మారే పేజీలు: ఇంటి కంప్యూటరులో 180 పేజీలుగా ఉన్న సిద్ధాంత గ్రంథం అచ్చు వేయించే దుకాణంలో 183 పేజీలు కావచ్చు. ఆ యంత్రంలో అదే ఖతి లేకపోవడం, ప్రింటరు వేరు కావడం, సాఫ్టువేరు సంచిక వేరు కావడం దీనికి కారణాలు.

* ఫైలు దెబ్బతినడం: పాత డాక్ ఫైళ్ళు ద్వియాంశ రూపంలో ఉండేవి. అంటే అందులోని సమాచారాన్ని ఆ ప్రోగ్రాము మాత్రమే సరిగా అర్థం చేసుకోగలదు. ఫైలులో కీలకమైన చిన్న భాగం చెడిపోయినా మొత్తం పత్రం తెరుచుకోకపోయే ప్రమాదం ఉండేది.

ఇవికాక భద్రతకు సంబంధించిన సమస్యలు కూడా ఉన్నాయి. పత్రాలలో ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాములైన మాక్రోల ద్వారా 1995లో కాన్సెప్ట్, 1999లో మెలిస్సా అనే వైరస్‌లు వర్డ్ పత్రాలలో వ్యాపించాయి. 2003లో బ్రిటిషు ప్రభుత్వం ఇరాక్ మీద విడుదల చేసిన ఒక పత్రం వర్డ్ ఫైలు రూపంలో ప్రజలకు అందింది. ఆ ఫైలును ఎవరెవరు దిద్దారో తెలిపే చరిత్ర అందులోనే మిగిలిపోవడంతో ఆ వివరాలు బయటపడ్డాయి. తెర మీద కనిపించేది వేరు, ఫైలులో ఉండేది వేరు అనడానికి దీనిని ఉదాహరణగా చెప్పవచ్చు.

పై ఇబ్బందులలో కొన్ని కాలక్రమేణా తగ్గాయి. 2007 నుండి వర్డ్ వాడుతున్న డాక్స్ రూపం ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆధారితమైనది, దాని వివరాలు బహిరంగంగా ప్రచురించబడినాయి. ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. వర్డ్ ప్రాసెసర్లలో ఉండే "స్టైల్స్" అనే సదుపాయాన్ని మొదటి నుండీ క్రమశిక్షణతో వాడేవారికి శీర్షికలు, సంఖ్యలు, విషయసూచిక విషయాలలో పెద్దగా చిక్కులు రావు. అయితే ఆ క్రమశిక్షణను ప్రోగ్రాము పట్టుబట్టి కోరదు. శీర్షికను మందపాటి అక్షరాలుగా మార్చి ఊరుకున్నా అది ఒప్పుకుంటుంది. చిక్కు నూరు పేజీల తరువాత గాని తెలియదు.

టెక్ పుట్టుక

లాటెక్‌కు పునాది అయిన టెక్ కూడా ఒక రచయిత అసంతృప్తి నుండే పుట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన డొనాల్డ్ క్నూత్ (జననం: జనవరి 10, 1938) "ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" అనే బృహద్గ్రంథం రచయిత. దాని మొదటి మూడు సంపుటాలు 1968, 1969, 1973 లలో వెలువడ్డాయి. వాటిని సీసపు అక్షరాలతో, మోనోటైపు యంత్రాల మీద కూర్చారు.

రెండవ సంపుటం రెండవ కూర్పు సిద్ధమయ్యేనాటికి ఆ పాత పద్ధతి కనుమరుగవుతున్నది. దాని స్థానంలో ఫోటో ద్వారా అక్షరాలను కూర్చే పద్ధతి వచ్చింది. 1977 మార్చిలో క్నూత్‌కు గ్యాలీ ప్రూఫులు అందాయి. అక్షరాల ఆకారం, వాటి మధ్య ఎడం, సమీకరణాల కూర్పు ఆయనకు ఎంతమాత్రం నచ్చలేదు. మొదటి కూర్పు కంటె రెండవ కూర్పు అందవికారంగా రావడం ఆయనను బాధించింది. సుమారు అదే కాలంలో ఆయన చుక్కల సమూహంగా అక్షరాలను అచ్చువేసే డిజిటల్ యంత్రాల ఫలితాన్ని చూసాడు. పేజీ అంటే చుక్కలు ఉన్నచోట 1, లేనిచోట 0 మాత్రమే అయినప్పుడు, ఆ పని కంప్యూటరు శాస్త్రవేత్తగా తానే చేయగలనని నిర్ణయించుకున్నాడు.

1977 మే నెలలో ఆయన టెక్ ఎలా ఉండాలో వివరిస్తూ ఒక నమూనా పత్రం వ్రాసుకున్నాడు. కొద్ది నెలలలో పూర్తవుతుందనుకున్న పని సుమారు పదేళ్ళు పట్టింది. టెక్ తొలి రూపం 1978లో తయారైంది. 1982లో దానిని మొదటి నుండి తిరిగి వ్రాసాడు. అక్షరాల ఆకృతులను గణితసూత్రాలతో నిర్వచించడానికి మెటాఫాంట్ అనే మరొక ప్రోగ్రామును, దానితో కంప్యూటర్ మోడర్న్ అనే ఖతుల కుటుంబాన్ని తయారు చేసాడు. రెండవ సంపుటం రెండవ కూర్పు చివరకు 1981లో టెక్‌తో కూర్చబడి వెలువడింది.

లాటెక్ ఆవిర్భావం

టెక్ శక్తివంతమైనదే కాని, దానిని నేరుగా వాడాలంటే అక్షరకూర్పుకు సంబంధించిన చిన్న చిన్న విషయాలన్నీ వాడుకరే ఆదేశించవలసి ఉండేది. లెస్లీ లాంపోర్ట్ తన సొంత రచన కోసం టెక్ ఆదేశాలను కలిపి పెద్ద ఆదేశాల సంపుటిని తయారు చేసుకున్నాడు. అదే లాటెక్ అయింది. 1986లో ఆయన వ్రాసిన కరదీపిక వెలువడిన తరువాత దీని వాడకం విశ్వవిద్యాలయాలలో వేగంగా వ్యాపించింది. తరువాత దీని బాధ్యతను ఫ్రాంక్ మిట్టెల్‌బాక్ తదితరుల బృందం స్వీకరించింది. ఆ బృందం 1994లో లాటెక్ 2ఇ అనే రూపాన్ని విడుదల చేసింది. అదే మార్పులు చేర్పులతో నేటికీ వాడుకలో ఉన్నది.

గ్రంథసూచులను తయారు చేసే బిబ్‌టెక్‌ను ఓరెన్ పటాష్నిక్ 1985లో రూపొందించాడు. క్నూత్ 1974లోనూ, లాంపోర్ట్ 2013కు గానూ కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని పొందారు. ఆ పురస్కారాలు వారి ఇతర పరిశోధనలకు లభించినవి.

పనిచేయు విధానం

లాటెక్ పత్రం ఒక సాదా పాఠ్య ఫైలు. నోట్‌ప్యాడ్ వంటి ఏ సాధారణ ఎడిటరుతోనైనా దానిని వ్రాయవచ్చు. ఆదేశాలు వెనుకకు వాలిన గీతతో, అనగా బ్యాక్‌స్లాష్‌తో మొదలవుతాయి. ఆదేశం వర్తించే పాఠ్యాన్ని మీసాల కుండలీకరణాలలో ఉంచుతారు. పత్రం మొదట ఇది వ్యాసమా, పుస్తకమా, ఉత్తరమా అన్నది ప్రకటించాలి. ఆ తరువాత అధ్యాయం, విభాగం, జాబితా, పట్టిక, సమీకరణం మొదలైనవాటిని వాటి వాటి ఆదేశాలతో గుర్తించాలి.

ఫైలు పూర్తయిన తరువాత దానిని లాటెక్ ప్రోగ్రాముకు అందిస్తే, అది చదివి పీడీఎఫ్ రూపంలో పేజీలను తయారు చేస్తుంది. విషయసూచిక, అడ్డసూచనలు సరిగా రావడానికి ప్రోగ్రామును రెండు మూడు సార్లు నడపవలసి ఉంటుంది. మొదటిసారి నడిచినప్పుడు ఏ విభాగం ఏ పేజీలో పడిందో అది ఒక సహాయక ఫైలులో వ్రాసుకుంటుంది, తరువాతిసారి ఆ సంఖ్యలను తగిన చోట్ల నింపుతుంది.

ఒక సమీకరణాన్ని ప్రస్తావించేటప్పుడు రచయిత "సమీకరణం 7" అని సంఖ్య వేయడు. ఆ సమీకరణానికి ఒక పేరు పెట్టి, ఆ పేరునే ప్రస్తావిస్తాడు. మధ్యలో మరో మూడు సమీకరణాలు చేరితే, మళ్ళీ నడిపినప్పుడు 7 ఉన్న ప్రతిచోటా 10 వస్తుంది. వర్డ్ ప్రాసెసర్లలో కూడా ఇటువంటి సదుపాయం ఉన్నది, అయితే లాటెక్‌లో ఇదే మామూలు పద్ధతి.

పంక్తులను విరిచే పద్ధతి టెక్‌లోని మరొక విశేషం. వర్డ్ ప్రాసెసర్లు సాధారణంగా ఒక పంక్తి నిండగానే తరువాతి పంక్తికి పోతాయి. టెక్ పేరా మొత్తాన్ని ఒకేసారి పరిశీలించి, పదాల మధ్య ఖాళీలు అన్ని పంక్తులలోనూ సాధ్యమైనంత సమంగా ఉండేటట్లు విరుపులను ఎంచుకుంటుంది. ఈ పద్ధతిని క్నూత్, మైకేల్ ప్లాస్ కలిసి రూపొందించి 1981లో ప్రచురించారు. పదాన్ని ఎక్కడ విరవవచ్చో నిర్ణయించే పద్ధతిని క్నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983 నాటి తన సిద్ధాంత గ్రంథంలో వివరించాడు.

విశ్వసనీయత

టెక్ మీద వాడుకరులకు ఏర్పడిన నమ్మకానికి కొన్ని స్పష్టమైన కారణాలు ఉన్నాయి.

మొదటిది, అన్ని యంత్రాల మీదా ఒకే ఫలితం రావడం. టెక్ కొలతలను పూర్ణసంఖ్యలలోనే లెక్కిస్తుంది. దాని కనీస ప్రమాణం ముద్రణలో వాడే పాయింటులో 65,536వ వంతు. ఇది కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం కంటె చాలా చిన్నది. అవే ఖతులు, అవే ప్యాకేజీలు ఉన్నప్పుడు ఏ కంప్యూటరు మీద నడిపినా పంక్తుల విరుపులు, పేజీల విరుపులు ఒక్కటిగానే వస్తాయి. క్నూత్ నిర్దేశించిన కఠిన పరీక్షలో నెగ్గని ప్రోగ్రాముకు టెక్ అన్న పేరు పెట్టడానికి వీలులేదు.

రెండవది, మార్పు లేకపోవడం. 1990 ప్రాంతంలో టెక్ 3వ సంచిక వచ్చిన తరువాత కొత్త సౌకర్యాలు చేర్చరాదని, దోషాలను మాత్రమే సవరించాలని క్నూత్ నిర్ణయించాడు. ప్రతి సవరణకు సంచిక సంఖ్య "పై" విలువకు ఒక్కొక్క అంకె చొప్పున దగ్గరవుతూ ఉంటుంది. 2014లో అది 3.14159265 కాగా, 2021లో 3.141592653 అయింది. తన మరణానంతరం సంచిక సంఖ్యను "పై" గానే స్థిరపరచాలని, అప్పటికి మిగిలిన దోషాలన్నింటినీ దాని లక్షణాలుగానే పరిగణించాలని ఆయన ప్రకటించాడు.

మూడవది, దోషాన్వేషణ. టెక్‌లో దోషం కనిపెట్టినవారికి క్నూత్ బహుమతి ప్రకటించాడు. మొదట 2.56 డాలర్లుగా ఉన్న ఆ బహుమతి ఏటేటా రెట్టింపు అవుతూ 327.68 డాలర్ల వద్ద నిలిచింది. ఆయన సంతకంతో ఉన్న చెక్కును పొందినవారు చాలామంది దానిని బ్యాంకులో వేయక పటం కట్టించి దాచుకున్నారు.

నాల్గవది, ఫైలు మన్నిక. లాటెక్ ఫైలును తెరవడానికి లాటెక్ అవసరం లేదు. ఏ ఎడిటరులో తెరిచినా పాఠ్యం చదవవచ్చు, వెదకవచ్చు, రెండు ప్రతుల మధ్య తేడాలను పంక్తి పంక్తిగా పోల్చవచ్చు. ఫైలులో ఒక భాగం పాడైతే మిగిలిన భాగమైనా దక్కుతుంది. 1991లో మొదలైన ఆర్కైవ్ అనే పరిశోధన వ్యాసాల భాండాగారం వ్యాసాల టెక్ మూలప్రతులను భద్రపరుస్తూ వస్తున్నది.

వికీపీడియాలో గణిత సూత్రాలను వ్రాయడానికి 2003 నుండి వాడుతున్న సంకేత పద్ధతి కూడా టెక్ నుండి తీసుకున్నదే. కాబట్టి లాటెక్ పేరు వినని వికీ సభ్యులు కూడా గణిత వ్యాసాలలో దాని భాషను కొంతవరకు వాడుతున్నట్లే.

పరిమితులు

లాటెక్ లోపాలు లేనిది కాదు. ఒక్క కుండలీకరణం మూయడం మరచిపోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. అప్పుడు అది చూపే సందేశం కొత్తవారికి అర్థం కాదు, తప్పు జరిగిన పంక్తిని కాక మరెక్కడో ఉన్న పంక్తిని చూపడం కూడా కద్దు. క్లిష్టమైన పట్టికలు తయారు చేయడం శ్రమతో కూడినది. బొమ్మలు ఇక్కడ కూడా తాము వ్రాసినచోట కాక వేరే పేజీలో పడుతుంటాయి, అయితే ఖాళీ మిగలకుండా పాఠ్యం ముందుకు జరుగుతుంది.

టెక్ స్థిరంగా ఉన్నా, దాని మీద పనిచేసే వేలాది ప్యాకేజీలు మారుతూనే ఉంటాయి. రెండు ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. పదేళ్ళనాటి పత్రం నేటి ప్యాకేజీలతో అదే విధంగా రాకపోవచ్చు. మూల పాఠ్యం మాత్రం చెక్కుచెదరదు.

2014లో మార్కస్ క్నాఫ్, యెలిట్సా నేయాస్మిక్ అనే పరిశోధకులు ప్లాస్ వన్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 40 మంది వాడుకరులకు ఇచ్చిన పాఠాలను నిర్ణీత సమయంలో యథాతథంగా తయారు చేయమన్నారు. మామూలు పాఠ్యం, పట్టికల విషయంలో వర్డ్ వాడుకరులు ఎక్కువ పని చేసారు, తక్కువ తప్పులు చేసారు. సమీకరణాలు ఎక్కువగా ఉన్న పాఠంలో మాత్రం లాటెక్ వాడుకరులు ముందున్నారు. అయినప్పటికీ తమ పనిముట్టు పట్ల సంతృప్తి లాటెక్ వాడుకరులలోనే ఎక్కువగా కనిపించింది. ఈ పరిశోధన చిన్న పాఠాలను చూసి టైపు చేయడానికి సంబంధించినది. ఏళ్ళ తరబడి సాగే పుస్తక రచనకు దీని ఫలితాలను నేరుగా వర్తింపజేయలేము.

మానవీయ శాస్త్రాల పత్రికలు, ప్రచురణ సంస్థలు పెక్కు వర్డ్ ఫైళ్ళనే కోరుతాయి. సంపాదకుడు, సహరచయిత లాటెక్ ఎరుగనివారైతే దిద్దుబాట్లు ఇచ్చిపుచ్చుకోవడం కష్టమవుతుంది.

ఇతర ప్రత్యామ్నాయాలు

వర్డ్ ప్రాసెసర్లతో విసిగినవారందరూ లాటెక్ వైపే వెళ్ళలేదు. కొందరు తమకు అలవాటైన పాత పనిముట్టునే అట్టిపెట్టుకున్నారు. ప్రముఖ నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తాను అంతర్జాలంతో సంబంధం లేని డాస్ కంప్యూటరులో వర్డ్‌స్టార్ 4.0 వాడతానని 2014లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో చెప్పాడు. తాను అడగని సవరణలను చేసే ప్రోగ్రాము తనకు అక్కరలేదన్నది ఆయన వాదన. కెనడాకు చెందిన రచయిత రాబర్ట్ సాయర్ కూడా వర్డ్‌స్టార్ అభిమాని. ఆయన 1992 నాటి వర్డ్‌స్టార్ 7.0ను, దాని కరదీపికలతో సహా, 2024లో అందరికీ అందుబాటులో ఉంచాడు.

మరికొందరు మార్క్‌డౌన్ వంటి తేలికపాటి గుర్తుల పద్ధతిని వాడతారు. దీనిని జాన్ గ్రూబర్ 2004లో ప్రకటించాడు. మార్క్‌డౌన్‌లో వ్రాసినదానిని పాన్‌డాక్ అనే ప్రోగ్రాముతో లాటెక్, వర్డ్, వెబ్‌పేజీ రూపాలలోకి మార్చవచ్చు. ఈ పద్ధతులన్నింటిలో సామాన్యమైన అంశం ఒకటే: పాఠ్యం రచయిత చేతిలో, కంటికి కనిపించే రూపంలో ఉండడం.

తెలుగులో లాటెక్

పత్రం పదికాలాల పాటు నిలవడం అన్న సమస్య తెలుగు పాఠకులకు, ప్రచురణకర్తలకు కొత్తది కాదు. యూనికోడ్ వ్యాపించక ముందు తెలుగు డీటీపీ పని అంతా అను, శ్రీలిపి వంటి ఖతులతో, ఎక్కువగా పేజ్‌మేకరులో జరిగేది. వీటిలో తెలుగు అక్షర భాగాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో ఇమిడ్చేవారు. కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో తెలుగు లేదు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఒక ఖతిలోని ఫైలు మరో ఖతికి పనికిరాదు. ఈ విధంగా కూర్చిన పుస్తకాల ఫైళ్ళను వెదకడానికి గాని, తిరిగి వాడడానికి గాని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసి ఉంటుంది. వార్తాపత్రికల వెబ్‌సైట్లు సొంత ఖతులు వాడిన రోజులలో వాటిని యూనికోడ్‌లో చదవడానికి మొజిల్లా బ్రౌజరుకు పద్మ అనే పొడిగింత ఉండేది.

అదే కాలంలో టెక్ వాడుకరులు వేరే దారి ఎంచుకున్నారు. 1990వ దశకం తొలినాళ్ళలో మెటాఫాంట్‌తో తెలుగు అక్షరాలను గీసి తెలుగుటెక్ అనే సంపుటిని తయారు చేసారు. పాఠ్యాన్ని ఆర్‌టీఎస్ వంటి రోమను లిప్యంతరీకరణ పద్ధతిలో వ్రాసేవారు. ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి. ఇందులో నమోదయ్యేది అక్షరం బొమ్మ కాదు, దాని ఉచ్చారణ. అందువల్ల ఏ ఖతి ఉన్నా లేకున్నా ఆ పాఠ్యం చదవదగినదే. ఆనాడు ఆర్‌టీఎస్‌లో టైపు చేసిన పద్యాలను, వ్యాసాలను ఈనాడు సులభంగా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. అయితే ఆ రోజులలో తెలుగు పేజీని తయారు చేయడం సామాన్య వాడుకరికి సాధ్యమయ్యే పని కాదు.

1991 నుండి యూనికోడ్‌లో తెలుగుకు స్థానం ఉన్నప్పటికీ, టెక్ తొలి రూపాలు యూనికోడ్‌ను అర్థం చేసుకునేవి కావు. 2004లో జోనథన్ క్యూ రూపొందించిన జీటెక్ ఈ లోటును తీర్చింది. దీనిలో తెలుగును తెలుగు లిపిలోనే నేరుగా వ్రాయవచ్చు. కంప్యూటరులో ఉన్న ఏ ఓపెన్‌టైప్ ఖతినైనా వాడవచ్చు. పోతన, సురవరం, మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో వంటి ఉచిత యూనికోడ్ ఖతులు ఇందుకు అందుబాటులో ఉన్నాయి. గుణింతాలు, ఒత్తులు సరైన స్థానాలలో పడతాయి. లువాటెక్‌కు చెందిన కొత్త రూపంలో కూడా తెలుగు సరిగా వస్తుంది. తెలుగు పదాలను పంక్తి చివర విరిచే నియమాల పట్టిక కూడా టెక్ పంపిణీలలో చేర్చబడింది. సంధులు, సమాసాలతో పొడవుగా సాగే తెలుగు పదాలకు ఇది ఎంతో అవసరం. లేనిచో పదాల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు మిగులుతాయి.

ఒత్తులు పంక్తి క్రిందికి దిగడం వలన తెలుగులో పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషు కంటె ఎక్కువగా ఉండాలి. లాటెక్‌లో ఈ కొలతను పత్రం మొదట ఒకసారి నిర్ణయిస్తే పుస్తకం అంతటా వర్తిస్తుంది. తెలుగు, ఇంగ్లీషు కలిసిన పాఠ్యంలో ఏ లిపికి ఏ ఖతి వాడాలో కూడా ఇదే విధంగా ముందుగా చెప్పవచ్చు.

భారతదేశంలో టెక్ వాడుకరుల సంఘం కేరళలో 1998లో ఏర్పడింది. అంతర్జాతీయ టెక్ వాడుకరుల సమావేశాలు 2002లోనూ, 2011లోనూ తిరువనంతపురంలో జరిగాయి.

ఎంపిక

ఏ పనిముట్టు మంచిది అన్న ప్రశ్నకు పత్రాన్ని బట్టి సమాధానం చెప్పవలసి ఉంటుంది. రేపు ఇవ్వవలసిన రెండు పేజీల దరఖాస్తుకు లాటెక్ నేర్చుకోనవసరం లేదు. సమీకరణాలు, అడ్డసూచనలు, దీర్ఘమైన గ్రంథసూచి ఉన్న సిద్ధాంత గ్రంథానికి మాత్రం నేర్చుకోవడానికి వెచ్చించిన వారాలు చివరి నెలలో కలిసివస్తాయి. కనుక సమర్పణ గడువు దగ్గర పడిన తరువాత కాక, రచన ఆరంభంలోనే లాటెక్‌కు మారడం మేలు. వర్డ్ ప్రాసెసరులోనే కొనసాగేవారు స్టైల్స్ వాడడం, ఖతులు యూనికోడ్‌వై ఉండేటట్లు చూసుకోవడం, పత్రాన్ని పలుచోట్ల నకలు తీసి ఉంచుకోవడం, తుది ప్రతిని పీడీఎఫ్‌గా కూడా భద్రపరచడం అవసరం. పాఠ్యాన్ని సాదా రూపంలో ఒక ప్రతి దాచుకుంటే, ఆ ప్రోగ్రాము వాడుకలో లేని రోజున కూడా ఆ రచన చదవడానికి దక్కుతుంది.